సోరియాసిస్ మందు ఎన్నాళ్లు వాడాలి? ఆ ప్రశ్న మీద పరిశోధన ఎందుకింత తక్కువ?

సోరియాసిస్ ఉందని తెలిస్తే చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న "అంటుకుంటుందా?" అని, రెండోది "దీనికింకా మందు రాలేదా?" అని. మొదటిదానికి జవాబు తేలిక. ఒకే కంచంలో తిన్నా, ఒకే దువ్వెన వాడినా అంటుకోదు. రెండోదానికే ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. మచ్చలన్నీ పోయి చర్మం మామూలుగా అయిపోయే మందులు వచ్చాయి, చాలానే వచ్చాయి. కానీ ఆపేశాక కూడా మచ్చలు తిరిగి రావని గ్యారంటీగా చెప్పగలిగే మందు ఇంతవరకూ లేదు. కాలేజీ రోజుల నుంచి మోచేతుల మీదా తలలోనూ పొలుసులతో బతుకుతున్నాను, ఈ జబ్బు మీద ఏ కొత్త పరిశోధన వచ్చినా ఆశగా చదువుతాను. అలా చదివీ చదివీ నాకు బలంగా అనిపిస్తున్న సంగతి ఇది: ఈ ఇరవై ఏళ్లలో సైన్సు మాకు చేసిన మేలు చిన్నది కాదు, అయినా ఇప్పుడు డబ్బులో ఎక్కువ భాగం నూటికి ఇంకో పదిమందికి చర్మం శుభ్రం చేసే పోటీకే పోతోంది, మందు ఎప్పుడు తగ్గించొచ్చు, చవక మందుని ఎలా బాగా వాడొచ్చు, మనలాంటి ఒంటి రంగున్నవాళ్లకి ఏది పనికొస్తుంది అనే ప్రశ్నలు వెనకపడిపోతున్నాయి.

ముందు ఆ మేలు గురించి చెప్పాలి, లేకపోతే అన్యాయం అవుతుంది.

చాలాకాలం దీన్ని కేవలం చర్మం జబ్బు అనుకున్నారు. మామూలు మనిషికి పైచర్మం కణాలు అడుగున పుట్టి పైకొచ్చి రాలిపోవడానికి సుమారు నెల పడితే, సోరియాసిస్ మచ్చలో అది కొన్ని రోజుల్లోనే జరిగిపోతుంది, అందుకే ఆ పొలుసులు. తప్పంతా ఆ కణాలదే అనుకుని తారు పూశారు, లైట్లు పెట్టారు. 1979లో సైక్లోస్పోరిన్ అనే మందు ఇస్తే సోరియాసిస్ తగ్గిందని డాక్టర్లు రాశారు. అది అవయవ మార్పిడి చేయించుకున్నవాళ్ల రోగనిరోధక శక్తిని అణిచే మందు. చర్మానికి నేరుగా ఏ సంబంధమూ లేని మందుతో చర్మం బాగుపడిందంటే గొడవ రోగనిరోధక వ్యవస్థలో ఉన్నట్టే కదా. 1995లో అమెరికాలో టీ కణాలనే రోగనిరోధక కణాల్లో చురుగ్గా ఉన్నవాటిని మాత్రమే చంపే మందు ఇచ్చి చూస్తే మచ్చలు తగ్గాయి, దాంతో అనుమానం దాదాపు తీరిపోయింది. ఆ తర్వాత అసలు గొలుసు బయటపడింది: ఐఎల్-23 అనే సంకేతం కొన్ని టీ కణాల్ని రెచ్చగొడుతుంది, అవి ఐఎల్-17ని వదులుతాయి, దాంతో చర్మకణాలు ఆగకుండా పెరుగుతాయి, అవి మళ్లీ ఇంకా రోగనిరోధక కణాల్ని పిలుస్తాయి.

ఈ గొలుసు తెలిశాక మందులు వరసగా వచ్చాయి. అమెరికాలో సోరియాసిస్‌కి ఎటనర్‌సెప్ట్ 2004లో, అడాలిముమాబ్ 2008లో, ఉస్టెకినుమాబ్ 2009లో, ఐఎల్-17ని ఆపే సెకుకినుమాబ్ 2015లో, ఐఎల్-23ని మాత్రమే ఆపే గుసెల్కుమాబ్ 2017లో, రిసాంకిజుమాబ్ 2019లో అనుమతి పొందాయి. 2022లో డ్యూక్రావసిటినిబ్ మాత్ర వచ్చింది. ఐఎల్-23 పట్టుకునే చోటునే మూసేసే ఐకోట్రోకిన్రా అనే ఇంకో మాత్ర పెద్ద ట్రయల్స్‌లో మంచి ఫలితాలు చూపించింది. ఇంజెక్షన్ అంటే భయపడేవాళ్లకీ, ఫ్రిజ్ సౌకర్యం సరిగ్గా లేనివాళ్లకీ మాత్ర రూపం నిజంగా పెద్ద మార్పు. మన దేశం కూడా ఊరికే కూర్చోలేదు. బెంగళూరు బయోకాన్ ఇటోలిజుమాబ్‌ని 2013లో తెచ్చింది, అహ్మదాబాద్ జైడస్ 2014లో అడాలిముమాబ్‌కి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌ని, అంటే దాదాపు అలాగే పనిచేసే నకలు మందుని, తెచ్చింది.

ఇక ఇక్కడి నుంచి నా గొడవ.

ఈ మందుల్ని కొలిచేది పాసీ అనే స్కోరుతో. 1978లో తయారైన కొలత అది: మచ్చ ఎంత ఎర్రగా ఉంది, ఎంత మందంగా ఉంది, పొలుసులు ఎన్ని, ఒంట్లో ఎంత భాగం పాకింది. ఒకప్పుడు స్కోరు 75 శాతం తగ్గితే గొప్ప. తర్వాత 90 శాతం. ఇప్పుడు నూటికి నూరు శాతం కావాలంటున్నారు. 2019లో వచ్చిన ఒక ట్రయల్‌లో గుసెల్కుమాబ్, సెకుకినుమాబ్ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే 48 వారాలకి 90 శాతం మెరుగైనవాళ్లు ఒకదాంట్లో నూటికి 84 మంది, ఇంకోదాంట్లో 70 మంది. ఒళ్లంతా మచ్చలతో ఫుల్‌హ్యాండ్స్ చొక్కా లేకుండా పెళ్లికి వెళ్లలేని మనిషికి ఆ 14 మందిలో ఒకరు కావడం ఎంత విలువైందో నాకు తెలుసు. కానీ ఈ రెండు మందుల్లో ఏదీ కొనలేని మనిషికి ఆ తేడాతో పనేముంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే సోరియాసిస్ మీద ప్రత్యేకంగా తీర్మానం చేసింది, 2016లో పెద్ద రిపోర్టు కూడా ఇచ్చింది. చికిత్స అందకపోవడం, చిన్నచూపు, ఆలస్యంగా గుర్తించడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. ఆ రిపోర్టు చదివాక ట్రయల్స్ జాబితా చూస్తే రెండూ ఒకే జబ్బు గురించేనా అనిపిస్తుంది.

అన్నిటికంటే ఆసక్తికరమైన పరిశోధన నా దృష్టిలో మచ్చ ఎందుకు సరిగ్గా అదే చోట తిరిగొస్తుంది అనేది. సోరియాసిస్ ఉన్న ఎవర్నైనా అడగండి, ఎడమ మోకాలి కింద ఫలానా చోట తగ్గింది, మళ్లీ వచ్చినప్పుడు అక్కడే మొదలైంది అని వేలు పెట్టి చూపిస్తారు. 2004లో ఒక బృందం సోరియాసిస్ రోగుల ఒంటి మీద మచ్చ లేని మామూలు చర్మాన్ని తీసి, రోగనిరోధక శక్తి సరిగ్గా లేని ఎలుకలకి అతికించింది. ఎలుక మీద ఆ చర్మం దానంతటదే సోరియాసిస్ మచ్చగా మారింది. రక్తం నుంచి కొత్త కణాలు రావాల్సిన అవసరమే లేకపోయింది, కావాల్సినవన్నీ చర్మంలోనే కాపురం ఉన్నాయి. చర్మంలోనే స్థిరపడిపోయి పాత దాడిని గుర్తుపెట్టుకునే ఈ జ్ఞాపక టీ కణాలు మచ్చ పూర్తిగా పోయిన చోట కూడా ఉంటున్నాయని తర్వాత ఇంకొందరు చూపించారు. నిప్పు ఆరింది అనుకున్న పొయ్యిలో బూడిద కింద కణకణలాడే బొగ్గులన్నమాట.

మరి ఆ కణాలు స్థిరపడకముందే, జబ్బు మొదలైన కొత్తలోనే గట్టి మందు ఇస్తే? జర్మనీ, ఫ్రాన్స్‌లలో జరిగిన గైడ్ అనే ట్రయల్ ఈ దిశలోనే వెళ్లింది. గుసెల్కుమాబ్‌తో చర్మం పూర్తిగా శుభ్రపడి అలాగే నిలిచినవాళ్లని తీసుకుని, కొందరికి మామూలుగా 8 వారాలకోసారి, కొందరికి 16 వారాలకోసారి ఇంజెక్షన్ ఇచ్చారు. 68వ వారానికి రెండు గుంపుల్లోనూ నూటికి 92 మంది దాకా జబ్బు అదుపులోనే ఉంది. అంటే సగం మందుతో అదే ఫలితం! జబ్బు మొదలై రెండేళ్లు కూడా కానివాళ్లలో అలా పూర్తిగా శుభ్రపడినవాళ్లు ఎక్కువ. ఇది 2024లో వచ్చింది. చదివిన రోజు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. ఇంజెక్షన్ ఖర్చు సగానికి తగ్గిందంటే ఎన్ని ఇళ్లలో పిల్లల ఫీజులకీ మందుకీ మధ్య తగువు తీరుతుందో ఆలోచించండి.

గైడ్ ట్రయల్‌ని చేయించింది ఆ మందు తయారుచేసే కంపెనీయే. కాబట్టి కంపెనీలు ఇలాంటివి అసలు చేయవు అనను. కానీ పేటెంట్ పోయిన మందుల మీద, పాత మందుల మీద ఇలాంటి పని ఎవరు చేస్తారు? నెదర్లాండ్స్‌లో చేశారు, ప్రభుత్వ డబ్బుతో. జబ్బు అదుపులో ఉన్న 120 మందిని తీసుకుని, సగం మందికి అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్, ఉస్టెకినుమాబ్ డోసుల మధ్య వ్యవధి నెమ్మదిగా పెంచుతూ పోయారు. ఏడాదికి వాళ్లలో సగానికి పైగా, 53 శాతం మంది, తక్కువ డోసుతోనే నిలబడ్డారు. స్కోరు లెక్కలో చూస్తే తగ్గించిన గుంపు మామూలు గుంపుకి సమానమని నిరూపణ కాలేదు, అది కూడా దాచకుండా రాశారు. ఎవరికి తగ్గించొచ్చు, ఎవరికి తగ్గించకూడదు అని ముందే చెప్పగలిగే రక్తపరీక్షో జన్యుపరీక్షో దొరికితే మిగతా 47 శాతం మందికి ఆ ఇబ్బంది తప్పేది. ఈ దారిలో పరిశోధన ఇంకా ఎంతో జరగాలి.

మెథోట్రెక్సేట్ గురించి మాట్లాడకుండా మన దేశంలో సోరియాసిస్ గురించి మాట్లాడటం కుదరదు. ఇక్కడ చాలామంది వాడేది అదే. దాని పుట్టుకలో మన మనిషి ఉన్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో న్యూయార్క్ దగ్గర లెడర్లీ లాబొరేటరీస్‌లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేశారు, తర్వాత దానికి అడ్డుపడే అమినోప్టెరిన్‌ని, దాని చెల్లెలి వరసైన మెథోట్రెక్సేట్‌ని చేశారు. సుబ్బారావు 1948లో చనిపోయాడు. 1951లో న్యూయార్క్ డాక్టర్లు కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇస్తూ, రోగికి సోరియాసిస్ కూడా తగ్గడం గమనించారు. ఆ తర్వాత ఆ జాగాలోకి మెథోట్రెక్సేట్ వచ్చింది. డెబ్బై ఏళ్లుగా కోట్లమంది చర్మాన్నీ కీళ్లనీ కాపాడుతున్న ఈ మందుల వెనక ఒక గోదావరి జిల్లా మనిషి ఉన్నాడంటే నాకు గర్వంగా ఉంటుంది, దాచుకోను.

అంత పాత మందు అయినా దాన్ని ఎలా వాడాలన్నది ఇంకా పూర్తిగా తేలలేదు. 2008లో వచ్చిన ట్రయల్‌లో అడాలిముమాబ్‌తో 80 శాతం మందికి, మెథోట్రెక్సేట్ మాత్రలతో 36 శాతం మందికి స్కోరు 75 శాతం తగ్గింది, ఉత్తుత్తి మందుతో 19 శాతం మందికి. అది చూసి మెథోట్రెక్సేట్ పనికిరాదని తేల్చేసినవాళ్లున్నారు. అందులో మెథోట్రెక్సేట్‌ని వారానికి 7.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి మెల్లగా పెంచారు, చూసింది 16 వారాలే. 2017లో ఇంకో బృందం దాన్నే చర్మం కింద ఇంజెక్షన్‌గా, మొదటి నుంచే 17.5 మిల్లీగ్రాములు ఇస్తే 41 శాతం మందికి పనిచేసింది, ఉత్తుత్తి ఇంజెక్షన్‌తో 10 శాతానికే. మాత్రా ఇంజెక్షనా, ఎంత డోసుతో మొదలుపెట్టాలి, ఎవరి కాలేయం తట్టుకుంటుంది, షుగరూ ఫ్యాటీ లివరూ ఉన్నవాళ్లకి పరీక్షలు ఎన్నాళ్లకోసారి చేయాలి, ఇవన్నీ తేల్చాల్సింది మనం. ఈ పనికి ఏ కంపెనీ ముందుకొస్తుంది, దానిలో లాభం ఏముంది గనక! (ఇది చదివి సొంతంగా మెథోట్రెక్సేట్ మొదలుపెట్టకండి. వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మందుని పొరపాటున రోజూ వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్లున్నారు. గర్భం దాల్చే ఆలోచన ఉన్నా, రక్తపరీక్షలు చేయించుకునే వీలు లేకపోయినా అసలు వద్దు.)

లైట్ చికిత్స సంగతీ అంతే. 311 నానోమీటర్ల యూవీ లైటు సోరియాసిస్‌కి బాగా పనిచేస్తుందని ఎప్పటి నుంచో తెలుసు. కానీ వారానికి మూడుసార్లు ఆసుపత్రికి వెళ్లాలి. రోజుకూలీకి వెళ్లేవాళ్లూ, ఊరి నుంచి బస్సెక్కి జిల్లా కేంద్రానికి రావాల్సినవాళ్లూ ఎన్ని వారాలు అలా తిరగగలరు? అమెరికాలో లైట్ అనే పేరుతోనే జరిగిన ట్రయల్‌లో 783 మందిని రెండు గుంపులు చేసి, సగం మందికి ఇంటికే లైటు ఇచ్చారు, సగం మందిని క్లినిక్‌కి రమ్మన్నారు. 12 వారాలకి ఇంట్లో వాడినవాళ్లలో 32.8 శాతం మందికి చర్మం దాదాపు శుభ్రపడింది, క్లినిక్ గుంపులో 25.6 శాతం మందికి. కారణం పెద్ద రహస్యం కాదు: ఇంట్లో ఉంటే మానకుండా పెట్టుకుంటారు. ఇంకో మంచి పని, చర్మం రంగుని బట్టి తెల్లటివాళ్లు, చామనఛాయవాళ్లు, నల్లటివాళ్లు అందరూ ఉండేలా చూసుకున్నారు. డబ్బు పెట్టింది మందుల కంపెనీ కాదు, రోగులకి పనికొచ్చే పరిశోధన కోసమే ఉన్న పీసీఓఆర్ఐ అనే సంస్థ. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం నుంచి లైటుని అద్దెకిచ్చినట్టు నెలకొకరికి ఇచ్చే పద్ధతి మన జిల్లాల్లో పనిచేస్తుందా అని చూడటానికి పెద్ద ల్యాబు అక్కర్లేదు, చూడాలన్న పట్టుదల కావాలి.

చర్మం రంగు అన్నాను కదా, దాని గురించి ఇంకొంచెం. పాసీలో ఎరుపుకి మార్కులున్నాయి. నా చర్మం మీద మచ్చ ఎర్రగా ఉండదు, ముదురు ఊదారంగులో, కొన్నిసార్లు బూడిదరంగులో ఉంటుంది. తెల్లచర్మం మీద ఫొటోలు చూసి నేర్చుకున్న కళ్లకి అది తీవ్రత తక్కువగా కనిపించే ప్రమాదం ఉంది, మొదట్లో నన్ను చూసిన ఒక డాక్టరు తామర అని పూతమందు రాసిచ్చారు. పైగా పొలుసులు పోయాక కూడా నల్లటి మరక నెలల తరబడి ఉండిపోతుంది. ట్రయల్ లెక్కలో నా చర్మం శుభ్రపడినట్టే, పెళ్లిచూపులకి వచ్చినవాళ్ల లెక్కలో కాదు. ముదురు చర్మం ఉన్నవాళ్లనే తీసుకుని గుసెల్కుమాబ్‌తో విజిబుల్ అనే ట్రయల్ ఈ మధ్యే జరిగింది, ఆ మరకల్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు. ఇన్నేళ్ల తర్వాతైనా ఎవరో అడిగారు. జన్యువుల సంగతి కూడా ఇంతే, హెచ్ఎల్ఏ-సి 06:02 అనే జన్యురూపం మొదలుకొని వంద దాకా జన్యుస్థానాలు దొరికాయి, అవి దొరికిన పెద్ద అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఐరోపా మూలాలవాళ్ల మీద, చైనావాళ్ల మీద జరిగినవే.

టీబీ ఇంకొకటి. టీఎన్ఎఫ్ అనే వాపు సంకేతాన్ని ఆపే అడాలిముమాబ్, ఎటనర్‌సెప్ట్ లాంటి మందులు ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలవు, అందుకే ముందు పరీక్ష చేస్తారు. ఐఎల్-17, ఐఎల్-23 మందులతో ఆ ప్రమాదం బాగా తక్కువని ఇప్పటిదాకా తెలిసింది. ప్రపంచంలో టీబీ కేసుల్లో నాలుగో వంతు మన దేశంలోవే, మనకి ఈ తేడా పాసీ స్కోరులో పది శాతం తేడా కంటే ముఖ్యం. బయోసిమిలర్ చవక కదా అని అందరికీ అడాలిముమాబే ఇవ్వాలా, టీబీ ఎక్కువున్న జిల్లాల్లో వేరే దారి వెతకాలా అన్నది మన లెక్కలతో తేలాలి. బ్రిటన్, ఐర్లండ్‌లలో బాడ్‌బిర్ అని 2007 నుంచి ఈ మందులు వాడేవాళ్లని ఏళ్ల తరబడి వెంబడించి నమోదు చేసే రిజిస్టరు ఉంది. ఎఫాలిజుమాబ్ అనే మందు 2003లో అనుమతి పొంది, అరుదైన ప్రాణాంతక మెదడు ఇన్ఫెక్షన్ల వల్ల 2009లో మార్కెట్ నుంచి పోయింది. అలాంటివి కొన్ని నెలల ట్రయల్స్‌లో కనపడవు, ఏళ్ల తరబడి వెంబడిస్తేనే కనపడతాయి.

మన మూలికల గురించి కూడా నాకు ఆశ ఉంది. "వేర్లతో సహా తీసేస్తాం" అని గోడల మీద రాసుకునేవాళ్ల మీద మాత్రం కోపం ఉంది, వాళ్ల పొట్లాల్లో స్టెరాయిడ్లు కలిస్తే, ఆపగానే ఒళ్లంతా చీముపొక్కులు లేచి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. నీలిమందునే చూడండి. తైవాన్ డాక్టర్లు 2008లో 42 మంది మీద, ఒంటికి ఒక పక్క నీలిమందు లేపనం, ఇంకో పక్క ఉత్త లేపనం పూసి పోల్చారు, నీలిమందు పక్క బాగా తగ్గింది. అందులోని పదార్థాలు చర్మకణాల్లో ఏహెచ్ఆర్ అనే గ్రాహకాన్ని తాకుతాయి. 2022లో అమెరికాలో అనుమతి పొందిన టాపినరాఫ్ క్రీము పనిచేసేది కూడా దాని ద్వారానే, అది మొదట దొరికింది నేలలోని నులిపురుగుల్లో బతికే ఒక బాక్టీరియాలో. అదే నీలిమందుని కడుపులోకి తీసుకున్న కొందరికి జపాన్‌లో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి ప్రమాదమైంది. పూస్తే ఒక కథ, మింగితే ఇంకో కథ. సిద్ధవైద్యంలో సోరియాసిస్‌కి వాడే నూనె అంకుడు చెట్టు ఆకులది, మన ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర ఆ చెట్టుదే. దానికీ తైవాన్ వాళ్లలా ఒక పక్క నూనె, ఇంకో పక్క ఉత్త నూనె పూసి సరిగ్గా కొలిచే పెద్ద ట్రయల్ చేయాలి. పనిచేస్తే అందరికీ చెప్దాం, చేయకపోతే కూడా చెప్దాం.

గుండె విషయంలో మాత్రం తొందరపడకూడదు. సోరియాసిస్ ఉన్నవాళ్లకి గుండెపోటు ముప్పు ఎక్కువని 2006 నుంచి గట్టి ఆధారాలున్నాయి, కాబట్టి బయలాజిక్ (అడాలిముమాబ్, సెకుకినుమాబ్ లాంటి ఇంజెక్షన్ మందు) వాడితే గుండె కూడా బాగుపడుతుందని ప్రచారం మొదలైంది. రక్తనాళాల వాపుని స్కాన్‌తో కొలిచిన ట్రయల్స్‌లో అడాలిముమాబ్‌తో, సెకుకినుమాబ్‌తో తేడా కనపడలేదు. అంటే బీపీ, షుగరు, బరువు, సిగరెట్ సంగతి విడిగా చూసుకోవాల్సిందే. పేగుల్లో సూక్ష్మజీవుల మీద, ఫొటో చూసి స్కోరిచ్చే యాప్‌ల మీద వస్తున్న పేపర్లు బోలెడు, నన్ను ఇంకా ఏదీ ఒప్పించలేదు.

మన దేశంలో వైద్య పరిశోధనని చూసే ప్రభుత్వ సంస్థ ఐసీఎంఆర్‌ని నేను అడిగేది ఒక్క ట్రయల్. హైదరాబాద్, విశాఖ, చెన్నై, చండీగఢ్ లాంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో, జబ్బు మొదలై రెండేళ్లు దాటనివాళ్లని తీసుకోండి. ఒక గుంపుకి సరైన డోసుతో మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్, ఇంకో గుంపుకి దానితోపాటు ఇంటి దగ్గర లైటు, మూడో గుంపుకి మొదటి ఆరు నెలలు బయలాజిక్ ఇచ్చి తర్వాత వ్యవధి పెంచుతూ పోవడం. మూడేళ్లు చూడండి. పాసీ ఒక్కటే కాకుండా మందు లేకుండా గడిచిన నెలలు, పోయిన కూలీ రోజులు, జేబులోంచి పెట్టిన రూపాయలు, మిగిలిపోయిన నల్లమరకలు, బయటపడిన టీబీ కేసులు కూడా రాయండి. ట్రయల్ మొదలుకాకముందే ఏం కొలుస్తారో ట్రయల్స్‌ని నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టండి, ఆ కొలతలు నిర్ణయించే గదిలో డాక్టర్లతోపాటు ఈ జబ్బుతో బతికేవాళ్లని కూడా నలుగురిని కూర్చోబెట్టండి.